నెత్తిన మూట, ట్యాంకుకు చిల్లు

మా కారు చేతులు మారి వచ్చినది. ముందటి యజమాని ఏడు సంవత్సరాలు వాడుకొని మాకు అమ్మారు. మద్రసా ఉపాధ్యాయుని జీతంపై సాగే సంసారంలో కారు సౌకర్యమే గాని, ప్రతి లీటరుకూ లెక్క చూసుకోవలసిన సౌకర్యం. అందువలన కొన్న నాటి నుండి డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకున్నాము. బంకులో ట్యాంకు నింపించినప్పుడల్లా మీటరు అంకెనూ, పట్టిన లీటర్లనూ అందులో వ్రాస్తాము. మరుసారి నింపించినప్పుడు, మధ్యలో నడిచిన కిలోమీటర్లను అప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తేలుతుంది. రెండుసార్లూ గొట్టం తనంతట తాను ఆగిన చోటనే ఆపించాలి. బంకు కుర్రవాడు చిల్లర సరిచేయడానికి పైన మరికొంత పోస్తానంటే వద్దనాలి. లేకపోతే లెక్క చెడుతుంది.

ఆ పుస్తకంలో మా కారు మైలేజీ పద్దెనిమిదికీ పందొమ్మిదికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఒక్కచోట మాత్రం 14.5 అని ఉన్నది. దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఉంచాము. ఆ అంకెతో పాటు మాకు అంతకంటే పెద్ద లెక్క ఒకటి తప్పిపోయిన రోజు అది. పెళ్ళిళ్ళకూ, ఇజ్తెమాలకూ, బక్రీదుకూ కారు నిండా సామాను నింపుకొని బయలుదేరే కుటుంబాలు మన పాఠకుల్లో ఎన్నో ఉన్నాయి గనుక, మా పొరపాటును దాచుకోకుండా వ్రాస్తున్నాము.

గువ్వలచెరువు దిగువన

మా చిన్నక్క కుమార్తె నికాహ్ కడపలో. మేము రాయచోటి వైపు నుండి వెళ్ళాలి. ఫజ్ర్ నమాజు ముగియగానే సామాను ఎక్కించడం మొదలయింది. అయిదు సీట్ల కారులో ఆరుగురం: మేము, మా ఇంట్లోవారు, పెద్దక్క, ఆమె కుమారుడు, మా మనుమలు ఇద్దరు. డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి. పైకప్పు మీద క్యారియర్, దానిపై రెండు ట్రంకుపెట్టెలు, ఒక పరుపుచుట్ట, అన్నిటికంటే పైన మా తాతగారి కాలం నాటి రాగి డేగిసా. కడపలో వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణాలకు కొదువ లేదు. కాని మా వంశంలో ఏ వలీమా జరిగినా బిర్యానీ ఆ డేగిసాలోనే ఉడకాలన్నది పెద్దక్క పట్టుదల.

మేనల్లుడు నైలాన్ త్రాటితో నాలుగు చుట్లు చుట్టి, “మామూ, ఇంక కదలదు” అన్నాడు. మేము ప్రయాణపు దుఆ చదివి బండి కదిలించాము. ఒంటెను కట్టివేయాలా, కట్టకుండానే దైవంపై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) చేసిన బోధను మేము ప్రతి సంవత్సరం పిల్లలకు పాఠంగా చెబుతాము. ఆనాడు మాత్రం ఆ ముడి వైపు కన్నెత్తి చూడలేదు.

గువ్వలచెరువు చేరేసరికి బాగా తెల్లవారింది. ఆ ఊరి కోవా పేరు రాయలసీమలో తెలియనివారు తక్కువ. మేము కోవా కట్టించుకొంటుండగా, ప్రక్కన లారీ ఆపి టీ త్రాగుతున్న ఒక పెద్దాయన మా కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి వచ్చి, “సాబూ, ఆ తాడు జూసినారా? ఘాట్ దిగేలోపల మీ డేగిసా మీకంటే ముందు కడపకు బోతాది” అన్నాడు. అందరం నవ్వాము. మేనల్లుడు త్రాటిని రెండుసార్లు లాగి చూపించాడు. బయలుదేరాము.

ఘాట్ దిగుడు మొదలు కాగానే మేము గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టాము. దిగుడులో బండి తనంతట తానే పోతుంది గదా, కొంత పెట్రోలు మిగులుతుందని మా లెక్క. బ్రేకు త్రొక్కుతూ, వదులుతూ నాలుగైదు మలుపులు దిగేసరికి ఏదో మాడుతున్న వాసన వచ్చింది. బ్రేకు ఇంకాస్త లోతుగా త్రొక్కితే గాని పట్టడం లేదు. తరువాతి మలుపులో కారు ఒక ప్రక్కకు ఒరిగినట్లయింది, నెత్తి మీద ట్రంకుపెట్టె జారిన చప్పుడు వినిపించింది. మొదట డేగిసా మూత, వెనువెంటనే డేగిసా రోడ్డు మీద పడి దొర్లిపోయాయి. ఎదురుగా ఒక మోటారు సైకిలు ఎక్కి వస్తున్నది. భార్యాభర్తలు, మధ్యలో మూడు నాలుగేళ్ళ పిల్లవాడు. ఆయన బండిని ప్రక్కకు కోసి పిట్టగోడకు జానెడు దూరంలో ఆపాడు. డేగిసా వారిని దాటి గోడకు కొట్టుకొని నిలిచింది.

ఆయన మమ్మల్ని తిట్టలేదు. బండికి స్టాండు వేసి, పిల్లవాణ్ణి చంకనెత్తుకొని వచ్చి, “పిల్లోడుండాడు సాబూ” అన్నాడు. అంతే. మేము చెప్పిన క్షమాపణ ఆయన విన్నాడో లేదో గాని, ఆ మాట మా చెవిలో ఇప్పటికీ ఉన్నది.

కాసేపటికి ఆ లారీ పెద్దాయన వచ్చి ఆగాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ముందు చక్రం దగ్గర చేయి తాకించకుండా దూరంగా పెట్టి చూడమన్నాడు. కుంపటి దగ్గర పెట్టినంత వేడి! అరగంట ఆగి చల్లారనిమ్మని, తరువాత రెండో గేరులోనే దిగమని చెప్పాడు. పైనున్న సామానంతా దింపించి, ట్రంకుపెట్టెలను పొడవు వెంబడి పడుకోబెట్టి, తన దగ్గరి త్రాటితో క్యారియర్ నాలుగు కాళ్ళకూ విడివిడిగా ముడివేసి, పైన అడ్డదిడ్డంగా కాక గుణకారపు గుర్తులాగా బిగించాడు. డేగిసాను మాత్రం పైకి ఎక్కనివ్వలేదు. తన లారీలో వేసుకొని కడప పొలిమేరలో దింపిపోయాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

బరువు ఎంత, ఎక్కడ

వివాహం సుఖంగా జరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇంటికి తిరిగివచ్చాక చేసిన మొదటి పని, కారుతో వచ్చిన పుస్తకాన్ని తెరవడం. అన్నేళ్ళుగా అది ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నది. ప్రతి కారుకూ ఖాళీ బరువు ఒకటి, మనుషులతో సామానుతో కలిసి మించకూడని మొత్తం బరువు ఒకటి ఉంటాయి. రెండింటి వ్యత్యాసమే ఆ కారు మోయగల భారం. మా చిన్న కారుకు అది 440 కిలోలు. పేరుకు అది పెద్ద అంకెగానే కనిపిస్తుంది. లెక్క వేసి చూశాము. పెద్దలు నలుగురు సుమారు 260, పిల్లలిద్దరు 50, డిక్కీలో బియ్యం, నీళ్ళు 70, పైన పెట్టెలు 50, పరుపులు 15, మూతతో సహా డేగిసా 20, ఇనుప క్యారియర్ తానే 10. మొత్తం 475 కిలోలు. సామాను సర్దేది ఇంట్లో ఆడవారు, కట్టేది మగపిల్లలు, నడిపేది మనం. మొత్తం బరువెంతో ముగ్గురిలో ఎవరికీ తెలియదు!

మించినది 35 కిలోలే గదా అని మొదట ఊరట పొందాము. తరువాతి పేజీలో పైకప్పు మీద పెట్టదగిన బరువు వేరుగా ఇచ్చి ఉన్నది. క్యారియర్ బరువుతో కలిపి 50 కిలోలు. మేము పెట్టినది 95. ఘాట్‌లో మమ్మల్ని ముంచబోయినది మొత్తం బరువు కాదు, ఆ బరువు కూర్చున్న చోటు.

ఇది మాకు కొత్త విషయమూ కాదు. మద్రసాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథంగా ఉన్న ‘హిదాయా’లో కిరాయి వ్యవహారాల అధ్యాయం ఉన్నది. దానిని రచించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ క్రీ.శ. 1197లో మరణించారు. పత్తి మోయడానికని పశువును కిరాయికి తీసుకున్నవాడు అంతే తూకం ఇనుమును దానిపై ఎక్కించరాదన్న మసలా అందులో ఉన్నది. తూకం సమానమే అయినా పత్తి వీపంతా పరచుకొంటుంది, ఇనుము ఒకేచోట కూడుకొని పశువుకు ఎక్కువ హాని చేస్తుంది. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ బరువు వేసి పశువు చనిపోతే, ఆ ఎక్కువ మేరకు నష్టపరిహారం కూడా ఉన్నది. ఇరవై అయిదేళ్ళకు పైగా ఈ పాఠం చెప్పిన మేము, మా వాహనం వీపు సంగతి ఆలోచించలేదు.

బరువు పైకి పోయేకొద్దీ కారు ఒరుగు పెరుగుతుంది. మలుపులో మనం కొద్దిగానే త్రిప్పినా పైభాగం బయటికి లాగుతుంది. అదే బరువు నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల మధ్య ఉంటే కారుకు అది పెద్ద కష్టం కాదు. కాబట్టి బరువైన వస్తువు ఎప్పుడూ క్రింద ఉండాలి. డిక్కీలో అయితే వెనుక సీటు వీపుకు ఆనించి ఉండాలి, తలుపు వైపు కాదు. పైకప్పు మీద పెట్టక తప్పదంటే పరుపుచుట్టల వంటి తేలికపాటి వస్తువులే పెట్టాలి. కొన్ని కార్లకు పైన కనిపించే మెరుగుపట్టీలు అలంకారానికే తప్ప బరువు కట్టడానికి కావు. వాటికి త్రాడు వేయకముందు కారు పుస్తకం చూడడం మంచిది.

త్రాడు విషయంలో ఒక మాట. నైలాన్ త్రాడు లాగితే సాగుతుంది, సాగినది మలుపుకొకసారి వదులవుతుంది. లారీలవారు వాడే వెడల్పాటి బిగింపు పట్టీ, మీట నొక్కితే పళ్ళచక్రం బిగుసుకొనేది, ఇప్పుడు హార్డువేరు దుకాణాలలో దొరుకుతున్నది. కట్టిన తరువాత సామానును చేతితో ఊపితే కారు మొత్తం ఊగాలి గాని, సామాను విడిగా ఊగరాదు. బయలుదేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆగి మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపును మనలో చాలామంది చేయరు. మేమూ చేయలేదు.

గాలికి కట్టే సుంకం

ఇప్పుడు ఆ 14.5 సంగతి. బరువు పెరిగితే పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుందని అందరికీ తెలుసు. బరువు కంటే గాలి ఎక్కువ తినివేస్తుందని మాత్రం ఎక్కువమందికి తెలియదు. అమెరికా ఇంధన శాఖ వాహనదారులకు ఇచ్చే సూచనల ప్రకారం, కారులో 45 కిలోలు అదనంగా ఉంటే మైలేజీ తగ్గేది నూటికి ఒక్క పాలు. పైకప్పు మీద పెద్ద సామాను పెట్టె ఉంటే ఊరిలో 2 నుండి 8 పాళ్ళు, హైవే మీద 6 నుండి 17 పాళ్ళు, గంటకు 105 నుండి 120 కిలోమీటర్ల వేగంలో అయితే 10 నుండి 25 పాళ్ళు తగ్గుతుంది. డిక్కీలో పెట్టిన మూట ఒక రూపాయి తింటే, అదే మూట నెత్తిన పెడితే పది రూపాయలు తింటుందన్నమాట!

కారణం తేలికగానే అర్థమవుతుంది. కారు ఆకారాన్ని గాలి జారిపోయేటట్లు తీర్చి ఉంటారు. దానిపై నలుచదరపు ట్రంకుపెట్టెను నిలబెడితే ఎదురుగాలికి గోడ కట్టినట్లు అవుతుంది. ఖాళీ క్యారియర్ కూడా తక్కువది కాదు. పెళ్ళి ముగిసిన తరువాత బద్ధకంతో రెండు నెలలు క్యారియర్‌ను అలాగే ఉంచాము. పుస్తకంలో ఆ రెండు నెలల మైలేజీ పదిహేడు దాటలేదు. ఊడదీసిన తరువాత మళ్ళీ పద్దెనిమిదిన్నరకు వచ్చింది. లీటరు నూరు రూపాయలు దాటిన ఈ రోజుల్లో, వాడని ఇనుప చట్రాన్ని నెత్తిన మోయడానికి రెండు నెలలు సుంకం కట్టాము. ఇస్రాఫ్ గురించి జుమా ప్రసంగాలలో చెప్పేటప్పుడు వలీమాలలో పారవేసే అన్నమే మనకు గుర్తుకు వస్తుంది. ఇది గుర్తుకు రాదు.

గాలి అడ్డు వేగంతో పాటు సమానంగా పెరగదు, అంతకు మించి పెరుగుతుంది. 80 నుండి 100కు పోతే వేగం పావు వంతు పెరిగినట్లు, గాలి అడ్డు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120 కిలోమీటర్ల ప్రయాణంలో దీనివలన మిగిలే సమయం పద్దెనిమిది నిమిషాలు. దారిలో ఒక టీ కొట్టు దగ్గర పోయేది అంతే. మన దేశంలో 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అయితే గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగాన్ని పెట్రోలు ఆదాకు తగినదిగా చెబుతుంది. నాలుగు వరుసల హైవే మీద అంత నెమ్మదిగా పోవడం అందరికీ సాధ్యం కాదని ఒప్పుకొంటాము. 100 నుండి 80కి దిగడం మాత్రం ఎవరి చేతిలోనైనా ఉన్న పనే. దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా విదేశాల నుండి కొనుక్కొంటున్నామన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

న్యూట్రల్ భ్రమ

ఆ రోజు మేము చేసిన పెద్ద పొరపాటు, పొదుపు పేరుతో చేసినది. గేరు తీసివేస్తే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం పాత కార్బురేటర్ బండ్ల కాలం నాటిది. ఇప్పటి కార్లలో పెట్రోలును కంప్యూటరు కొలిచి పంపుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుండి కాలు తీసివేస్తే, చక్రాలే ఇంజనును త్రిప్పుతాయి గనుక ఆ కాసేపూ పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆరిపోకుండా ఉండడానికి పెట్రోలు పోతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగేవాడు పెట్రోలునూ పోగొట్టుకొంటాడు, ఇంజను ఇచ్చే పట్టునూ పోగొట్టుకొంటాడు. భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తప్పుతాయి. నిండు బండికి అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులో దిగాలన్నది లారీవారి పాత సూత్రం. కొందరు తాళం త్రిప్పి ఇంజనునే ఆపివేస్తారు. అది మరీ ప్రమాదం. బ్రేకుకు సహాయం పోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, ఒక్కొక్కప్పుడు బిగుసుకొని తాళం పడుతుంది.

ఇంజనును ఆపవలసిన చోటు వేరే ఉన్నది. షాదీఖానా ముందు పెళ్ళివారి కోసం, బడి ముందు పిల్లల కోసం, ఏసీ వేసుకొని నిలిపి ఉంచే కార్లను చూడండి. చిన్న కారు ఊరికే నిలబడి తిరిగినా గంటకు అర లీటరుకు తగ్గకుండా తాగుతుంది, ఏసీ ఉంటే అంతకు మించి. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ మీద పడకుండా, అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి లోపలి వేడిగాలిని బయటికి పోనిస్తే ఏసీకి పని తగ్గుతుంది. మిగిలినదంతా పాదంలో ఉన్నది. ముందున్న స్పీడు బ్రేకరును దూరం నుండే చూసి కాలు తీసేవాడు పెట్రోలు మిగుల్చుకొంటాడు. దాని దాకా ఉరికి వెళ్ళి బ్రేకు త్రొక్కేవాడు అప్పటిదాకా కాల్చిన పెట్రోలును బ్రేకు పళ్ళెం మీద వేడిగా పారబోస్తాడు.

టైర్లు

నిండు బండికి టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు ఒక అంకె, నిండుగా ఉన్నప్పుడు ఒక అంకె. వెనుక టైర్లకు సాధారణంగా ఎక్కువ. టైరు ప్రక్కన అచ్చుపోసి ఉండే పెద్ద అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పరిమితి. అది మనం పెట్టించవలసిన అంకె కాదు. గాలి చూడవలసినది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఇంటి నుండి బయలుదేరిన కొత్తలోనే.

రాయలసీమ వేసవిలో గాలి తగ్గించి పెడితే టైరు పగలదన్న మాట పంక్చర్ షాపులలో తరచు వింటాము. నిజం దానికి తలక్రిందులు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి లోపల వేడెక్కుతుంది. పైన ఎండ, లోన బరువు, దానికి వేగం కలిస్తే పగిలేది ఆ టైరే. గాలి తగ్గుదల వలన పెట్రోలుకు జరిగే నష్టం నిజానికి కొద్దిపాటిదే. దానికోసం కాదు, లోపల కూర్చున్నవారి కోసం గాలి చూసుకోవాలి. టైరు పుట్టిన తేదీ కూడా దానిమీదనే ఉంటుంది. ఒక చిన్న కోలపాటి గడిలో నాలుగు అంకెలు: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరపు 23వ వారం. మా స్టెప్నీని అలా చూస్తే కారు వయసే దాని వయసు అని తేలింది.

లోపలి సామాను

పైనున్నది పడితే ఇతరులకు ప్రమాదం, లోపలిది కదిలితే మనకే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా కొట్టుకొని ఆగిపోతే, లోపల కట్టకుండా ఉన్న వస్తువు అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ వేగం, సుమారు పది మీటర్ల ఎత్తు నుండి, అంటే మూడంతస్తుల మేడ మీద నుండి పడిన వస్తువుకు నేలను తాకేటప్పుడు ఉండే వేగం. వెనుక అద్దం క్రింది పలక మీద పెట్టిన అన్నం క్యారేజీని, నీళ్ళ డబ్బాను ఆ కంటితో ఒకసారి చూడండి. వాటి ముందు కూర్చున్నది మన పిల్లలే.

బెల్టు పెట్టుకోని మనిషి కూడా కట్టని సామానే. ఒడిలో కూర్చోబెట్టుకున్న బిడ్డను ఆ క్షణంలో ఏ తల్లి చేతులూ ఆపలేవు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఖరీదైన కారు, వెనుక సీటు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో తప్పనిసరి చేసింది. లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు. అయిదు సీట్ల కారులో ఆరుగురం కూర్చున్న నాడు మా మనుమలలో ఒకడికి బెల్టు లేదు. జరిమానా ఎవరూ వేయలేదు.

పెళ్ళి వంటలకు గ్యాసు సిలిండరును డిక్కీలో పడుకోబెట్టి తీసుకుపోయేవారికి మాత్రం గట్టిగానే చెప్పవలసి ఉన్నది. ఆ గ్యాసు గాలి కంటే బరువైనది. కారినది పైకి ఎగిరి పోదు, కారు నేలమీద గుంటలో నీరు నిలిచినట్లు నిలుస్తుంది. అద్దాలు మూసి, ఏసీ వేసుకొని, నలుగురిని కూర్చోబెట్టుకొని దానితో ప్రయాణం చేయకండి. వంటచోటికే తెప్పించుకోవచ్చు.

వెనుక బరువు ఎక్కువైతే కారు ముక్కు పైకి లేస్తుందన్నది మరొక సంగతి. అప్పుడు హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాక ఎదుటివారి కళ్ళలో పడుతుంది. చాలా కార్లలో స్టీరింగు దగ్గర సున్నా నుండి మూడు వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అది ఆ వెలుగును క్రిందికి దించడానికే. మేము దానిని ఆరేళ్ళు ఏసీకి సంబంధించినదనుకొన్నాము.

తిరుగు ప్రయాణం, తరువాత

వివాహం తరువాత పెద్దక్కను ఒప్పించడానికి చాలా సమయం పట్టింది. చివరకు డేగిసా, ట్రంకుపెట్టెలు ఒక చిన్న గూడ్సు ఆటోలో వచ్చాయి. దూరప్రయాణమైతే ఆర్టీసీ కార్గోలో వేయవచ్చు. ఆటో కిరాయి చూసి మొదట మనసు గునిసింది. అయితే కారులో అదనంగా కాలే పెట్రోలు, టైర్ల అరుగుదల, త్రాడు, పట్టా అన్నీ కూడితే తేడా అనుకున్నంత లేదు. ఆ మోటారు సైకిలు మీది పిల్లవాణ్ణి ఏ లెక్కలో వ్రాయాలో మాకు తెలియదు గనుక వ్రాయలేదు.

బక్రీదు దగ్గర పడుతున్నది గనుక మేకల సంగతి కూడా చెప్పి ముగిస్తాము. సంత నుండి కుర్బానీ మేకను కాళ్ళు కట్టి డిక్కీలో పడవేసి మూత దించే అలవాటు మన ఊళ్ళలో ఉన్నది. గాలి ఆడని ఆ చీకట్లో ఎండవేళ అది పడే అవస్థ చూసినవారికి తెలుసు. అటువంటి కారుణ్యంలేని పనితో ఇబాదత్ మొదలుపెట్టడం సరి కాదు. వెనుక సీటులో నిలబెట్టి తెచ్చేవారూ ఉన్నారు. అది ఒక్కసారి స్టీరింగు మీదికి దూకితే చాలు. సంతలోనే నలుగురు కలిసి ఒక గూడ్సు ఆటో మాట్లాడుకొంటే, గడ్డి పరచి, జారకుండా క్రింద గోనె వేసి, మేకలను నిలబడనిచ్చి తీసుకురావచ్చు. నిరుడు మా వీధివారు ఏడు మేకలను అలాగే తెచ్చారు. మనిషికి పడిన కిరాయి ఒక లీటరు పెట్రోలు ఖరీదు కంటే తక్కువే.

మా క్యారియర్‌ను అమ్మలేదు. ఇప్పుడది మద్రసా మేడ మీద రెండు గోడల మధ్య ఉన్నది. పిల్లలు దానిమీద కుర్తాలు ఆరవేసుకొంటున్నారు.